ఇల్లందులో తేలిన పొర, మండపేట కింద మునిగిన పొర: గోదావరి లోయ బొగ్గు కథ

గోదావరి డెల్టా పల్లెల్లో పెద్దవాళ్ల నోట బొగ్గుకు రెండు పేర్లుండేవి. పొయ్యిలో కట్టె కాలి మిగిలేది ఉత్త బొగ్గు. కమ్మరి కొలిమిలో తిత్తి గాలికి కణకణలాడేది, ఇటుక బట్టీ దగ్గర లారీ నుంచి కుప్పగా దిగేది రాక్షసిబొగ్గు. చేతిలోకి తీసుకుంటే రాయిలా ఉండి, ఒకసారి అంటుకుంటే కట్టెకన్నా ఎన్నో రెట్లు వేడినిచ్చే ఆ పదార్థానికి అంతకన్నా తగిన పేరు మన భాషలో మరొకటి లేదనిపిస్తుంది. అది ఎక్కడి నుంచి వస్తుందని అడిగితే అందరూ చెప్పే జవాబు ఒక్కటే: సింగరేణి నుంచి. సింగరేణి ఎక్కడుందని అడిగితే మాత్రం జవాబులు చీలిపోయేవి. కొత్తగూడెమని ఒకరు, రామగుండమని మరొకరు, అసలది ఊరే కాదు, కంపెనీ పేరని ఇంకొకరు చెప్పేవారు.

సింగరేణి ఊరే. ఖమ్మం జిల్లాలో కారేపల్లి పక్కన ఉంటుంది. మండలం పేరు కూడా సింగరేణే, మండల కేంద్రం మాత్రం కారేపల్లి. అయితే తొలి బొగ్గు తవ్వకాలు జరిగింది ఆ ఊళ్లో కాక, దానికి కొంత దూరంలో ఉన్న ఇల్లందులో. పాత కాగితాల్లో ఇల్లెందులపాడు అని కనిపించే ఆ పల్లెను చుట్టుపక్కల జనం ఇప్పటికీ బొగ్గుట్ట అంటారు. కంపెనీ ప్రధాన కార్యాలయం ఈ రెండు ఊళ్లలోనూ లేదు, కొత్తగూడెంలో ఉంది. ఆ బొగ్గును గోదావరి లోయ బొగ్గు అంటారు గాని ఇల్లందు గోదావరి ఒడ్డున లేదు. గోదావరి పాయల మధ్యనే పుట్టి పెరిగిన మన డెల్టాలో చూడబోతే ఒక్క బొగ్గు గని కూడా లేదు. ఈ చిక్కుముడిని ఒక్కో పోగుగా విప్పుకుంటూ పోతే, డెల్టావాసులకు పరాయిదిగా తోచే ఆ గని ఊరి చరిత్రకు మన కాళ్ల కింది నేలతో చాలా దగ్గరి చుట్టరికం ఉందని తేలుతుంది.

లోయ అంటే నది కాదు

ముందుగా విప్పవలసిన ముడి ‘గోదావరి లోయ’ అన్న మాటలో ఉంది. మనం లోయ అంటే రెండు కొండల మధ్య నది కోసుకున్న దారి అనుకుంటాం. భూగర్భ శాస్త్రవేత్తలు ప్రాణహిత–గోదావరి లోయ అన్నప్పుడు వాళ్ల మనసులో ఉన్నది నీళ్లు పారే దారి కాదు. దాదాపు సమాంతరంగా సాగే రెండు పెద్ద పగుళ్ల నడుమ భూమి పైపొర నిలువునా కుంగిపోగా ఏర్పడిన ఒక పొడవాటి తొట్టి. వాయవ్యం నుంచి ఆగ్నేయానికి, అంటే మహారాష్ట్రలోని వార్ధా వైపు నుంచి మన తీరం వైపు, ఆ తొట్టి వాలి ఉంటుంది. గోదావరి ఆ తొట్టిలో చాలా దూరం ప్రవహిస్తుంది కాబట్టి దానికి నది పేరు వచ్చింది. తొట్టి వయసు ముందు నది వయసు చాలా చిన్నది. తెలంగాణలోనే ఈ బొగ్గు పట్టీ పొడవు సుమారు 350 కిలోమీటర్లని లెక్క.

ఆ తొట్టి కుంగడం మొదలైన నాటికి భారతదేశం ఇప్పుడున్న చోట లేదు. అంటార్కిటికా, ఆస్ట్రేలియా, ఆఫ్రికా, దక్షిణ అమెరికాలతో కలిసి గోండ్వానా అనే ఒకే మహాఖండంగా, దక్షిణ ధ్రువానికి దగ్గరగా ఉండేది. ఆ ఖండానికి పేరు మన గోండు సీమ నుంచే వచ్చింది. బొగ్గు పొరల కింద భూగర్భ శాస్త్రవేత్తలు తాల్చేరు అని పిలిచే గులకరాళ్ల పొరలు కనిపిస్తాయి. అవి హిమానీనదాలు ఈడ్చుకొచ్చి వదిలినవి. ఈ వేసవిలో ఇల్లందులోనో రాజమహేంద్రవరంలోనో రోడ్డు మీద నిలబడి, ఒకప్పుడు ఈ నేల మంచు కింద ఉండేదని తలచుకోవడం కష్టమే అయినా, రాళ్లు చెప్పే సాక్ష్యం అదే.

మంచు కరిగాక చిత్తడి అడవులు వచ్చాయి. నాలుక ఆకారపు ఆకులున్న గ్లోసోప్టెరిస్ అనే చెట్లు ఆ అడవుల్లో ప్రధానమైనవి. బొగ్గు పొరల పైనా కిందా ఉండే పలకరాళ్లను చీలిస్తే వాటి ఆకుల ఈనెలు అచ్చుగుద్దినట్టు బయటపడతాయి. చెట్లు విరిగి నీటిలో పడ్డాయి. నిలవ నీటిలో గాలి ఆడక పూర్తిగా కుళ్లలేదు. తొట్టి అడుగు కుంగుతూనే ఉండటం వల్ల పాత చెట్ల మీద కొత్త చెట్లు, వాటి మీద వరద తెచ్చిన ఇసుక, మళ్లీ దాని మీద చిత్తడి, ఇలా పేర్చినట్టుగా పొరలు చేరాయి. బరువు, వేడి, కాలం మూడూ కలిసి ఆ కుళ్లుచెత్తలోని నీటిని పిండి, కర్బనం పాలు పెంచి, బొగ్గుగా మార్చాయి. ఇది జరిగింది సుమారు 25 నుంచి 30 కోట్ల సంవత్సరాల కిందట. ఆ కాలపు బొగ్గు ఉన్న రాతి వరుసకు బరాకర్ అని పేరు. జార్ఖండ్‌లోని బొగ్గుకూ ఇల్లందు బొగ్గుకూ కుదురు ఒకటే.

ఇక్కడే ఈ వ్యాసానికి ఆయువుపట్టయిన ప్రశ్న వస్తుంది. తొట్టి అంతటా అడవులు పెరిగినప్పుడు బొగ్గు ఒకచోట నేల మీదికి ఎందుకు తేలింది, మరోచోట ఎందుకు కనపడకుండా పోయింది? తొట్టి అడుగు సమంగా కుంగలేదన్నదే దీనికి సమాధానం. పగుళ్ల వెంట కొన్ని ముక్కలు పైకి లేచాయి, కొన్ని మరింత దిగిపోయాయి. లేచిన చోట పైనున్న రాళ్లను వానా గాలీ కోట్ల ఏళ్లపాటు అరగదీయగా బొగ్గు అంచు బయటపడింది. ఇల్లందు అలాంటి చోటు. తొట్టి ఆగ్నేయపు కొస, అంటే మన డెల్టా వైపు భాగం, దీనికి సరిగ్గా వ్యతిరేకమైన గతి పట్టింది. ఆ గతి ఏమిటో చివర చెబుతాను. ముందు తేలిన చోట ఏం జరిగిందో చూడాలి.

1871

ఇల్లందు బొగ్గు గురించి అందరూ చెప్పే కథ ఒకటుంది. భద్రాచలం వెళ్లే యాత్రికులు దారిలో మజిలీ చేసి, దొరికిన నల్లరాళ్లతో పొయ్యి పెట్టుకుని వంట చేస్తే ఆ పొయ్యిరాళ్లే అంటుకుని మండాయట. ఈ కథకు సాక్ష్యం అడగడం నా ఉద్దేశం కాదు. బొగ్గు అంచు నేల మీదే ఉన్న చోట, గట్టి కట్టె మంట మీద అలాంటి రాయి అంటుకోవడం వింత కూడా కాదు. ఈ కథ మరొక సంగతిని గుర్తుచేస్తుంది. ఆ అడవుల్లో తరతరాలుగా ఉన్న కోయలు గాని, ఆ దారిన నడిచిన యాత్రికులు గాని ఆ రాళ్లను చూడకుండా ఉండే అవకాశం లేదు. చరిత్ర పుస్తకాల్లో మాత్రం కనిపెట్టినవారిగా ఒక్కరి పేరే ఉంది: భారత భూగర్భ సర్వేక్షణ శాఖకు చెందిన డాక్టర్ విలియం కింగ్. ఆయన 1871లో ఇల్లందు దగ్గర బొగ్గును గుర్తించారు. గనుల్లో ఒక పొరను ‘కింగ్ సీమ్’ అని ఆయన పేరుతోనే పిలిచారు. దానికి జోడీగా మరో పొర ‘క్వీన్ సీమ్’ అయింది.

1871 అన్న అంకె డెల్టా చరిత్ర తెలిసినవారికి మరో రకంగా తగులుతుంది. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట 1847లో మొదలై 1852కు పూర్తయ్యాక, ఆర్థర్ కాటన్ చూపు నది ఎగువ భాగం మీద పడింది. నాగపూరు, బేరారు ప్రాంతాల పత్తిని పడవల మీద గోదావరి వెంట దించి కాకినాడ ఓడరేవుకు చేర్చాలన్నది ఆ పథకం. దారిలో రాతిమెట్లు అడ్డొచ్చే చోట్ల ఆనకట్టలూ లాకులూ కట్టాలి. దుమ్ముగూడెం దగ్గరి ఆనకట్ట అలా వచ్చిందే. ఖర్చు పెరిగిపోతూ, ఈలోగా పత్తి రైలెక్కి బొంబాయి దారి పట్టడంతో, ఎగువ గోదావరి జలమార్గం పనులను 1871లో ఆపేశారు. నదిని రాజమార్గం చేయాలన్న ప్రయత్నం ముగిసిన సంవత్సరమే, ఆ లోయను రైలుకు కట్టిపడేసే బొగ్గు దొరికింది. ఇది కాకతాళీయమే. అయినా ఈ రెండు సంఘటనల్లో ఒకటి తప్పిపోయి ఉంటే పాపికొండల ఎగువన ఉన్న ఊళ్ల రూపం ఇంకోలా ఉండేదనిపిస్తుంది.

బొగ్గు కనిపించడం వేరు, తవ్వడం వేరు. ఇల్లందు అప్పుడు నిజాం రాజ్యంలో, అడవి నడుమ ఉన్న చిన్న పల్లె. టన్నుల బరువును ఎద్దుబండ్ల మీద దూరాలకు పంపితే బండి ఖర్చే బొగ్గు ధరను మింగేస్తుంది. కాబట్టి రైలు వచ్చేవరకు ఆ బొగ్గు పదిహేనేళ్లకు పైగా నేలలోనే ఉండిపోయింది.

వాటాలు, విచారణ, రైలు

1886లో హైదరాబాద్ (దక్కన్) కంపెనీ అనే సంస్థ ఇంగ్లండులో నమోదై, నిజాం రాజ్యంలో ఖనిజాలు తవ్వుకునే హక్కును 99 ఏళ్లకు పొందింది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పాలన అది. ఆ కంపెనీ మూలధనం కాగితం మీద పది లక్షల పౌండ్లు. వాటాల్లో అత్యధిక భాగం, డబ్బేమీ పెట్టకుండానే, హక్కులు సంపాదించిపెట్టిన దళారుల చేతుల్లోకి పోయింది. నిజాం తరఫున వ్యవహారం నడిపిన సర్దార్ అబ్దుల్ హక్ అనే అధికారి తన సొంత లాభం చూసుకున్నారన్న ఆరోపణ పెద్ద దుమారమై, 1888లో బ్రిటిష్ కామన్స్ సభ ప్రత్యేక కమిటీ వేసి విచారించేదాకా వెళ్లింది. అబ్దుల్ హక్ పదవి పోయింది. హక్కుల పత్రం మాత్రం నిలిచింది. ఇల్లందు పల్లెవాసులకు లండన్‌లో తమ ఊరి రాళ్ల మీద జరుగుతున్న ఈ వాదోపవాదాలు తెలిసి ఉంటాయని అనుకోలేం. పల్లె ఒకచోట, దాని విలువ కట్టే చేయి మరెక్కడో ఉండటం గని ఊళ్ల చరిత్రలో మొదటి రోజు నుంచే ఉన్న లక్షణం.

రైలు విషయానికి వస్తే, నిజాం హామీ రైల్వే సంస్థ సికింద్రాబాదు నుంచి వరంగల్లుకూ, అక్కడి నుంచి డోర్నకల్లుకూ దారి పొడిగించుకుంటూ వచ్చింది. డోర్నకల్లు నుంచి ఒక కొమ్మ కారేపల్లి మీదుగా ఇల్లందుకు వెళ్లింది. ప్రధాన మార్గం 1889లో బెజవాడను తాకింది. రైల్వేవారి పట్టికల్లోనూ, భూగర్భ శాఖ నివేదికల్లోనూ ఆ బొగ్గు క్షేత్రం సింగరేణి పేరుతోనే చలామణి అయింది. ఇల్లందు బొగ్గు సింగరేణి బొగ్గు అయింది ఇలాగే: తవ్విన ఊరి పేరు వెనకబడి, కాగితాలకెక్కిన పొరుగూరి పేరు స్థిరపడిపోయింది.

1889 తర్వాతి పదేళ్లలో ఆ బొగ్గుకూ డెల్టాకూ నేరుగా లంకె కుదిరింది. బెజవాడ నుంచి ఏలూరు కాలువ మీద పడవలు విజ్జేశ్వరం దాకా నడిచేవి. 1890లలో తూర్పు తీరపు రైలుమార్గం బెజవాడ నుంచి కటకం వైపు సాగింది. కొవ్వూరుకూ రాజమహేంద్రవరానికీ మధ్య మాత్రం నది అడ్డంగా ఉండటంతో ఇటువాళ్లు అటు దాటడానికి పడవలే దిక్కు. 1897లో మొదలైన హేవలాక్ వంతెన 1900లో పూర్తయి ఆ ఎడాన్ని పూడ్చింది. మద్రాసు వైపు, కలకత్తా వైపు నడిచిన ఆవిరి యంత్రాలకు సింగరేణి బొగ్గు దక్షిణాదిన దగ్గర్లో దొరికే ఇంధనమైంది. డెల్టా వడ్లూ బియ్యమూ బయటి ప్రాంతాలకు చేరడంలో కాటన్ కాలువలకున్న వాటా గురించి మనం ఎంతో చెప్పుకుంటాం, విగ్రహాలు కూడా పెట్టుకున్నాం. ఆ బియ్యం రైలును కదిలించిన నిప్పు గురించి చెప్పుకున్నది చాలా తక్కువ.

బావి, బాయి

డెల్టాలో బావి అంటే నీళ్లు. ఇల్లందు, కొత్తగూడెం, గోదావరిఖని ప్రాంతాల్లో ‘బాయి’ అంటే గని. ‘బాయి పనికి పోయిండు’ అంటే భూమిలోకి దిగాడని అర్థం. రెండూ ఒకే మాట. నేలను తవ్వి లోపలున్నది పైకి తీయడమే రెండు చోట్లా పని. ఈ బాయిల్లో రెండు రకాలున్నాయి. బొగ్గు పొర చాలా లోతున ఉంటే నిట్టనిలువుగా తవ్వి, తొట్టెలాంటి పంజరంలో మనుషులను దించుతారు. పొర అంచు నేలకు దగ్గరగా ఉండి లోపలికి వాలుతూ పోతుంటే, ఆ వాలు వెంటే ఏటవాలు సొరంగం వేస్తారు. దాన్నే ఇంక్లైన్ అంటారు. ఇల్లందులో పొర అంచు పైనే ఉంది కాబట్టి ఏటవాలు దారి అక్కడ సహజమైంది. గనుల పేర్లు కూడా ‘21 ఇంక్లైన్’ అన్నట్టు అంకెలతోనే నిలిచిపోయాయి. ఊళ్లకు దేవుళ్ల పేర్లూ పూర్వీకుల పేర్లూ పెట్టుకునే మన దేశంలో, ఒక తరం జనం ‘మాది ఫలానా నంబరు’ అని తమ బతుకుచోటును చెప్పుకోవడం గమనించదగినది.

లోపలి పని తీరు తెలియకపోతే గని ఊరి కష్టం అర్థం కాదు. ఇంటి కప్పును స్తంభాలు మోసినట్టు గని పైకప్పును బొగ్గు స్తంభాలే మోస్తాయి. పొరలో నిలువుగా అడ్డంగా దారులు తవ్వుతూ పోతే, దారుల మధ్య చతురస్రాకారపు బొగ్గు దిమ్మెలు మిగులుతాయి. మొదటి దశలో తీసేది దారుల్లోని బొగ్గే. ఆ భాగం చివరిదాకా వెళ్లాక, రెండో దశలో వెనక్కి వస్తూ ఆ దిమ్మెలనే ఒక్కొక్కటిగా తీస్తారు. అంటే ఇంతకాలం తమ తల మీది కప్పును మోసినదాన్ని తామే తీసేస్తూ, దానికి బదులు కర్ర దుంగలు నిలబెడుతూ, ఖాళీ అయిన భాగం కూలిపోతుంటే వచ్చిన దారి వైపే వెనక్కి జరుగుతారు. ఆ కూలిన భాగాన్ని గోఫ్ అంటారు. టింబర్‌మెన్ అనే పనివారిది ఆ దుంగలు నిలబెట్టే బాధ్యత. కప్పును కర్రతో తట్టి చూసి, ఖంగుమంటే గట్టిగా ఉందనీ, బోలుగా మోగితే పొర విడిపోయిందనీ చెవితో పోల్చుకోవడం ఆ పనిలో ప్రాణం నిలిపే విద్య.

బొగ్గును తుపాకిమందుతో పేల్చి, తట్టలకెత్తి, పట్టాల మీద నడిచే టబ్బుల్లో పోయడం దశాబ్దాల పాటు మనుషుల చేతుల మీదే జరిగింది. తట్ట, చెమ్మాస్ (పార) అనే మాటలు ఈనాటికీ ఆ తరం కార్మికుల గుర్తులు. దేశంలోని బొగ్గు గనుల్లో ఒకప్పుడు ఆడవాళ్లు కూడా లోపలికి దిగి తట్టలు మోసేవారు. 1929 నుంచి దాన్ని క్రమంగా నిషేధిస్తూ వచ్చారు. యుద్ధకాలంలో కొంతకాలం సడలించి, మళ్లీ బిగించి, 1952 నాటి గనుల చట్టంలో స్థిరపరిచారు. ప్రాణాపాయం దృష్ట్యా ఆ నిషేధం అవసరమైనదే. అయితే భార్యాభర్తలు కలిసి తెచ్చుకునే కూలి ఒక్కరి కూలిగా మారినప్పుడు ఆ ఇళ్లలో ఏం జరిగిందో చట్టాల్లో కనిపించదు.

కప్పు కూలకుండా ఖాళీని నింపే మరో పద్ధతి ఉంది. ఇసుకను నీళ్లతో కలిపి గొట్టాల ద్వారా లోపలికి పంపి, తవ్విన జాగాను పూడుస్తారు. రామగుండం వైపు గనుల్లో ఇందుకు గోదావరి ఇసుకనే వాడారు. డెల్టాలో పుట్టిన నాకు ఈ సంగతి తెలిసినప్పుడు మనసు కాసేపు అక్కడే ఆగింది. మన లంకలనూ, మన సముద్రపు ఒడ్డునూ పేర్చవలసిన ఇసుకలో కొంత, ఎగువన ఒక కార్మికుడి తల మీద రాయి పడకుండా నేల లోపల నిలబడి ఉంది.

పుట్టినిల్లు వెనకబడటం

ఇల్లందు బొగ్గు క్షేత్రం పెద్దది కాదు. తేలిగ్గా అందే పొరలు తరిగే కొద్దీ కంపెనీ చూపు పక్కకు మళ్లింది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ లిమిటెడ్ అన్న పేరుతో హైదరాబాదు చట్టం కింద కొత్త సంస్థ నమోదై, పాత కంపెనీ ఆస్తులనూ అప్పులనూ తీసుకుంది. నేటికీ డిసెంబరు 23ను సింగరేణి దినంగా జరుపుకుంటారు. కాలక్రమంలో కొత్తగూడెం, బెల్లంపల్లి తెరుచుకున్నాయి. క్రమంగా ప్రధాన కార్యాలయం కూడా ఇల్లందును వదిలి కొత్తగూడెం చేరింది. ఆ తర్వాత రామగుండం, మణుగూరు వచ్చాయి. పుట్టినిల్లన్న గౌరవం మాత్రం ఇల్లందుకు మిగిలింది.

యాజమాన్యం విషయంలో సింగరేణి నడిచిన దారి దేశంలోని మిగతా బొగ్గు ప్రాంతాలకు భిన్నమైనది, ఇందులో చాలామంది పొరబడతారు కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి. హైదరాబాదు ప్రభుత్వం 1945లోనే కంపెనీ వాటాల్లో అధిక భాగాన్ని కొనేసింది. రాష్ట్రాల పునర్విభజనతో 1956లో ఆ వాటా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి సంక్రమించింది. 1960 నుంచి కేంద్రం కూడా వాటాదారయింది. 1970ల తొలినాళ్లలో ఇందిరాగాంధీ ప్రభుత్వం దేశంలోని ప్రైవేటు బొగ్గు గనులను జాతీయం చేసి, 1975లో కోల్ ఇండియాను నెలకొల్పినప్పుడు సింగరేణి ఆ గొడుగు కిందికి వెళ్లలేదు. అప్పటికే అది సర్కారుది. అందుకే ఇప్పటికీ అది వేరు సంస్థ. 51 శాతం రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది. 2014 విభజనతో ఆ 51 శాతం తెలంగాణకు వెళ్లింది. యంత్రాలు తయారుచేసే దాని అనుబంధ సంస్థ మాత్రం బెజవాడ పక్కన కొండపల్లిలో, ఆంధ్రప్రదేశ్‌లో ఉంది.

ఇల్లందు పరిసరాల్లో ఇప్పుడు సాగుతున్నది ఎక్కువగా ఉపరితల తవ్వకం. భూమిలోకి మనిషి దిగే బదులు భూమినే పైనుంచి ఒలిచేస్తారు. బొగ్గు మీదున్న మట్టినీ రాయినీ యంత్రాలతో ఎత్తి పక్కన గుట్టలుగా పోస్తారు. టన్ను బొగ్గు కోసం దానికి ఎన్నో రెట్లు మట్టిని కదపవలసి వస్తుంది. కప్పు కూలే భయం పోయింది, తక్కువ మందితో ఎక్కువ బొగ్గు వస్తుంది. ఆ ‘తక్కువ మంది’ అన్నదే గని ఊళ్ల ఆర్థిక స్థితిని తలకిందులు చేసింది. 1990ల ఆరంభంలో లక్షకు పైగా కార్మికులున్న సంస్థలో ఇప్పుడు ఉన్నది దాదాపు నలభై వేలు. ఉత్పత్తి తగ్గి కాదు ఇది జరిగింది, పెరుగుతుండగానే జరిగింది. జీతాల మీద ఆధారపడ్డ అంగడి వీధులకు ఇంత తేడా చాలా ఎక్కువ.

ఉపరితల గనికి నేల కావాలి, ఊరు కదలాలి. ఈ ప్రాంతంలో అధికభాగం షెడ్యూల్డ్ ప్రాంతం. 1959 నాటి భూబదలాయింపు నిబంధనను మరింత బిగించిన 1970 సవరణ, అంటే జనం 1/70 అని పిలిచే చట్టం, గిరిజనేతరులు అక్కడ భూమి పొందడాన్ని నిషేధిస్తుంది. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు, షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ప్రైవేటు కంపెనీలకు గనుల కౌలు ఇవ్వడం చెల్లదని తీర్పు చెప్పింది. ప్రభుత్వ సంస్థల తవ్వకాలకు అది అడ్డు కాలేదు. ఇల్లందు పక్కన ఒక ఉపరితల గనికి కోయగూడెం అని పేరు. కోయల గూడెం పేరు ఇప్పుడు యంత్రాలు తిరిగే గొయ్యికి పేరుగా నిలిచిందంటే, ఆ నేల ఎవరిదో చెప్పడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు. నిజానికి ఈ చరిత్రలో మనం తక్కువగా రాసుకున్నది వాళ్ల భాగమే.

మన కింద ఏముంది

ఇక మొదట ఆపిన ప్రశ్నకు వస్తాను. తొట్టి ఆగ్నేయపు కొస డెల్టా కిందికి సాగిందన్నాను. సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట గోండ్వానా పగిలి, అంటార్కిటికా వైపు భూభాగం మన తూర్పు తీరం నుంచి విడిపోయినప్పుడు కొత్త పగుళ్లు పాత తొట్టికి అడ్డంగా, ఈశాన్య–నైరుతి దిశలో వచ్చాయి. వాటి వల్ల మన జిల్లాల కింద గట్లూ గుంటలూ ఏర్పడ్డాయి. చమురు అన్వేషకులు వాటికి మన ఊళ్ల పేర్లే పెట్టారు: కైకలూరు గట్టు, తణుకు గట్టు, గుడివాడ గుంట, బంటుమిల్లి గుంట. పైన వరి చేలల్లో నిలబడి చూస్తే అరచేతిలా చదునుగా ఉన్న నేల కింద ఇంత ఎత్తుపల్లాలున్నాయంటే ఆశ్చర్యం కలుగుతుంది.

ఆ గుంటల్లో పాత బొగ్గు పొర మరింత దిగిపోయింది. దాని మీద సముద్రపు మట్టి, ఆపైన దక్కను పీఠభూమిని కప్పిన లావా తాలూకు చివరి ప్రవాహాలు, ఆపైన ఇసుకరాయి, అన్నిటికీ పైన గోదావరి ఒండ్రు పరుచుకున్నాయి. ఆ లావా రాయి నేల మీద కనిపించే చోటు కూడా మనకుంది. రాజమహేంద్రవరం దగ్గర కాటేరులోనూ, నదికి పడమట పంగిడి క్వారీల్లోనూ నల్లరాయి రూపంలో దాన్ని రోజూ కంకర కొడుతున్నారు.

మండపేట ప్రాంతంలో వాయువు కోసం లోతుగా బావులు తవ్వినప్పుడు, కిలోమీటర్ల కొద్దీ పొరలు దాటాక, బొగ్గూ పలకరాయీ కలిసిన మందమైన వరుస తగిలింది. దానికి కొమ్ముగూడెం ఫార్మేషన్ అని పేరు పెట్టారు. ఇల్లందు బొగ్గు ఏర్పడిన యుగానికే, అదే మహాతొట్టి అడవులకే చెందిన బొగ్గు ఇది. ఇల్లందు నుంచి మండపేటకు నేరుగా గీత గీస్తే రెండు వందల కిలోమీటర్లు కూడా ఉండదు. అక్కడ మనిషి చేతికి అందిన అడవి ఇక్కడ ఏ మనిషీ దిగలేనంత లోతుకు పోయింది.

అంత లోతున వేడి బొగ్గును ఊరికే ఉండనివ్వదు. ఉడికే కొద్దీ బొగ్గు నుంచి మీథేను వాయువు వెలువడుతుంది. ఇల్లందు గనిలో కార్మికుడు భయపడే వాయువు కూడా అదే. దీపం మంట చుట్టూ నీలిరంగు వలయం కనిపిస్తే బయటికి పరుగెత్తమన్న హెచ్చరిక. మండపేట కింద ఆ వాయువు కొమ్ముగూడెం బొగ్గు నుంచి బయటపడి, దాని మీది ఇసుకరాతి రంధ్రాల్లో చేరి, వాయువును పైకి పోనివ్వని పొర కింద బందీ అయింది. ఆ ఇసుకరాతికే మండపేట శాండ్‌స్టోన్ అని పేరు. అక్కడి గ్యాస్ బావుల నుంచి వచ్చేది, ఒక రకంగా చెప్పాలంటే, రాక్షసిబొగ్గు ఊపిరి. అయితే డెల్టా గ్యాసంతా ఇలా పుట్టినదే అనుకోకూడదు. పాశర్లపూడి, రాజోలు వైపు దొరికేది చాలా తర్వాతి కాలపు సముద్రపు పొరల నుంచి వచ్చింది. 1995 జనవరిలో పాశర్లపూడిలో బావి పేలి 65 రోజులు మండిన మంట ఆ రెండో జాతిదే.

తేలిన బొగ్గు, పూర్తిగా మునిగిన బొగ్గు, ఈ రెండింటికీ నడుమ మూడో స్థితి ఒకటుంది. డెల్టాకు వాయవ్యాన, మెట్ట ప్రాంతంలో, బుట్టాయగూడెం వైపున్న బెడదనూరు దగ్గర బొగ్గు జాడలను కింగ్ కాలపు భూగర్భ శాఖవారే గుర్తించారు. అక్కడ గని ఊరేదీ వెలవలేదు. దానికి పడమరగా సత్తుపల్లి నుంచి చింతలపూడి దాకా బొగ్గు పట్టీ ఉంది. సత్తుపల్లి వైపు పొర పైకి ఉండటంతో సింగరేణి అక్కడ ఉపరితల గనులు తెరిచింది. రాష్ట్ర సరిహద్దు దాటి చింతలపూడి వైపు వచ్చేసరికి పొరలు లోతుకు దిగుతాయి. ఒకే పట్టీలో ఒక కొస పెద్ద గొయ్యి అయి, మరో కొస మీద పామాయిల్ తోటలూ మొక్కజొన్న చేలూ పచ్చగా ఉండటానికి కారణం గీతకు అటూ ఇటూ ఉన్న ప్రభుత్వాలు కావు. పొర వాలు అటువంటిది. చింతలపూడి బొగ్గు తవ్వకం గురించి మాట వచ్చిన ప్రతిసారీ అక్కడి రైతు ముందుగా అడగవలసిన ప్రశ్న కూడా ఆ వాలు గురించే: పొర ఎంత లోతున ఉంది, దాన్ని తీయడానికి బాయి దిగుతారా, లేక పైనున్న చేనంతా ఎత్తిపోస్తారా?